ఖైదీ ఇంటికి రొట్టె పట్టుకెళ్ళినవాళ్ళ గురించి చెప్పండి

ప్రశ్న: నేను మా సంఘంలో సండేస్కూల్ టీచర్ని. హింసించబడుతున్న సంఘం కోసం ప్రార్థన చేసే ఆదివారం నవంబరులో వస్తుంది కదా, ఆ రోజు, కమ్యూనిస్టు రుమేనియాలో జైలుపాలైన పాస్టర్ రిచర్డ్ వర్మ్‌బ్రాండ్ గారి గురించి, ఆయన మొదలుపెట్టిన 'వాయిస్ ఆఫ్ ద మార్టిర్స్' మిషన్ గురించి పావుగంట మాట్లాడమని పాస్టర్ గారు చెప్పారు. యూట్యూబ్‌లో వెతికితే అన్నీ చిత్రహింసలే. రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ రోజు పిల్లలు కూడా కూర్చుని వింటారు, అదో టెన్షన్. దీనికి తోడు మా వారి నాన్నగారు, తాతగారు కమ్యూనిస్టు పార్టీలో పనిచేసినవాళ్ళు. మా వారేమో "మా పల్లెకు కూలి పెంచించింది, దొరల ముందు మమ్మల్ని తలెత్తుకుని నిలబడేలా చేసింది ఎర్రజెండా వాళ్ళే. వాళ్ళని దయ్యాలుగా చూపించే కథ గుడిలో చెప్తావా? ఇవన్నీ అమెరికావాళ్ళు డబ్బు పోగు చేసుకోవడానికి అల్లినవి" అంటున్నారు. మా అత్తగారేమో వాట్సాప్‌లో ఎవరు ఏ ఫోటో పంపినా ఏడ్చేసి, వెంటనే ఫోన్‌పే చేసేస్తున్నారు. ఇంతకీ ఆ కథ నిజమేనా? నేనేం చెప్పాలి? డబ్బు పంపాలా, వద్దా?
- ఒక సండేస్కూల్ టీచర్, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, కథ నిజమే. రుమేనియాలో కమ్యూనిస్టు పాలన రోజుల్లో పాస్టర్లను, ప్రీస్టులను, రైతులను, విద్యార్థులను వేల సంఖ్యలో జైళ్ళలో కుక్కిన సంగతి ఒక్క వర్మ్‌బ్రాండ్ గారి నోట విన్నది కాదు, అమెరికాలో పుట్టిందీ కాదు. 1989 డిసెంబరులో అక్కడి నియంతృత్వం కూలిపోయాక, ఆ దేశమే తన రహస్య పోలీసు శాఖ సెక్యూరిటాటె ఫైళ్ళను తెరిచింది. 2006లో దేశాధ్యక్షుడు ట్రయాన్ బసెస్కు పార్లమెంటులో నిలబడి, చరిత్రకారుల కమిషన్ ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, ఆ పాలనను నేరపూరితమైనదని అధికారికంగా ఖండించారు. సిగెత్ ఊళ్ళోని పాత జైలు ఈరోజు మ్యూజియం. అదే 2006లో అక్కడి టీవీ సంస్థ 'మన దేశపు మహనీయులు ఎవరు' అని ప్రజల చేత ఓట్లు వేయిస్తే వర్మ్‌బ్రాండ్ గారికి 5వ స్థానం వచ్చింది. అల్లిన కథే అయితే ఆ దేశం వాళ్ళు ఆయన్ని అంత ఎత్తున కూర్చోబెట్టరు.

అయితే ఒక జాగ్రత్త తీసుకోండి. జైలు కొట్టుల్లో జరిగిన సంభాషణలు, గార్డులు అన్న మాటలు, ఇవన్నీ ఆయన పుస్తకాల ద్వారానే మనకు తెలిసినవి. వాటిని చెప్పేటప్పుడు "ఆయన ఇలా రాసుకున్నారు" అని చెప్పండి. ఆ ఒక్క మాట కలిపితే కథ బలం తగ్గదు, మీ వారు కూడా అడ్డు చెప్పలేరు.

ఇక మీ వారి మాట. నేను దాన్ని కొట్టిపారెయ్యను. మన కోస్తా జిల్లాల్లో, తెలంగాణలో ఎన్నో క్రైస్తవ పల్లెల్లో ఒక గోడ మీద సిలువ, పక్క గోడ మీద సుత్తీ కొడవలీ ఉండేవి. కూలి కోసం, బంజరు భూమి కోసం మనవాళ్ళతో కలిసి లాఠీదెబ్బలు తిన్నవాళ్ళు ఆ పార్టీల్లో ఉన్నారు. అది నిజం. రుమేనియా రాజధాని బుకారెస్టులో ఎర్రజెండా కింద కూర్చున్న ప్రభుత్వం మనుషుల్ని భూమి కింద కొట్టుల్లో పెట్టింది. అదీ నిజం. మావగారి మీద గౌరవం ఉంచుకుంటూనే రుమేనియా చరిత్ర చెప్పొచ్చు. వర్మ్‌బ్రాండ్ గారి జీవితాన్ని 1948 నుంచి కాకుండా పదేళ్ళు వెనక్కి వెళ్ళి మొదలుపెడితే చాలు, మీ ఇంట్లో గొడవ సగం తీరిపోతుంది.

ఆయన 1909లో బుకారెస్టులో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. దేవుడు లేడనే మనిషి. 1936లో సబీనాను పెళ్ళి చేసుకున్నారు, ఆమె కూడా యూదురాలే. 1938లో, కొండ ప్రాంతపు పల్లెలో ఒక ముసలి జర్మన్ వడ్రంగి చేతికిచ్చిన బైబిలు చదివి క్రీస్తును నమ్మారు. సబీనా మొదట చాలా బాధపడింది, తర్వాత తానూ నమ్మింది. సరిగ్గా అప్పుడే దేశంలో ఫాసిస్టులు తలెత్తారు. ఐరన్ గార్డ్ అనే ఆ గుంపు అసలు పేరులో ప్రధాన దూత మిఖాయేలు ఉన్నాడు, నోట్లో క్రీస్తు ఉన్నాడు, చేతికి యూదుల నెత్తురు ఉంది. తర్వాత హిట్లర్‌తో చేతులు కలిపిన అంటోనెస్కు ప్రభుత్వం యూదుల్ని ట్రాన్స్‌నిస్ట్రియా అనే ఆక్రమిత ప్రాంతానికి తరలించి చంపించింది. 1942 చివర్లో బాప్టిస్టుల్లాంటి చిన్న సంఘాలను నిషేధించింది కూడా ఆ ప్రభుత్వమే. ఆ రోజుల్లోనే ఈ భార్యాభర్తలు అరెస్టయ్యారు, దెబ్బలు తిన్నారు. సబీనా అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్ళు, చిన్న తమ్ముడు తిరిగి రాలేదు.

అంటే ఈ కుటుంబాన్ని మొదట హింసించింది కమ్యూనిస్టులు కాదు, సిలువ గుర్తు పెట్టుకుని తిరిగినవాళ్ళు. ఈ సంగతి మీ వారికి చెప్పండి. సంఘంలో కూడా చెప్పండి. హింసించేవాడి చేతిలో ఏ జెండా అయినా ఉండొచ్చని మీరు వేరే చెప్పక్కర్లేదు, వినేవాళ్ళకు అర్థమవుతుంది.

ఆ యుద్ధకాలంలోదే ఒక రాత్రి సంగతి ఉంది. నా లెక్కలో మీ పావుగంటలో ఐదు నిమిషాలు దీనికే ఇవ్వాలి. బోరిలా అనే సైనికుడు వర్మ్‌బ్రాండ్ గారికి పరిచయమయ్యాడు. యూదుల్ని, పిల్లల్తో సహా, తన చేతులతో చంపానని గొప్పగా చెప్పుకున్నాడు. అతనికి పాటలంటే ఇష్టమని తెలిసి, పియానో వాయిస్తాను రమ్మని రాత్రి ఇంటికి తీసుకొచ్చారు. లోపల సబీనా నిద్రపోతోంది. ఆయన మెల్లగా చాలాసేపు వాయించారు. ఆపి, అతని వైపు తిరిగి చెప్పారట: పక్క గదిలో నా భార్య పడుకుని ఉంది, ఆమె వాళ్ళందరూ చనిపోయింది నువ్వు చెప్పిన చోటే, బహుశా చంపింది నువ్వే కావచ్చు. ఇప్పుడు వెళ్ళి ఆమెను లేపి నువ్వెవరో చెప్తాను, ఆమె నిన్ను ఒక్క మాట కూడా అనదు, నీకు భోజనం పెడుతుంది. అన్నట్టే వెళ్ళి లేపారు. సబీనా గౌనుతోనే బయటికొచ్చి, ఆ మనిషిని చూసి, దగ్గరికెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్ళి భోజనం తెచ్చింది.

క్షమాపణ గురించి మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో. ఆ వంటింట్లోకి వెళ్ళడం దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఇది ఆయన తన పుస్తకంలో రాసిన సంఘటన. ఇందులో నెత్తురు లేదు, పిల్లల ముందు నిశ్చింతగా చెప్పొచ్చు.

1944 ఆగస్టులో సోవియట్ సైన్యం వచ్చింది. 1945లో కొత్త ప్రభుత్వం అన్ని సంఘాల నాయకులనూ పార్లమెంటు భవనంలో సమావేశపరిచింది. దాదాపు 4,000 మంది వచ్చారని ఆయన రాశారు. ఒకరి తర్వాత ఒకరు లేచి కొత్త పాలనకు జేజేలు పలుకుతున్నారు, అదంతా రేడియోలో వస్తోంది. సబీనా భర్త వైపు తిరిగి, లేచి క్రీస్తు ముఖం మీద పడుతున్న ఈ ఉమ్మి కడగమంది. మాట్లాడితే నీకు భర్త ఉండడు అన్నారాయన. పిరికివాడు భర్తగా నాకక్కర్లేదు అంది. ఆయన లేచి మాట్లాడారు.

1948 ఫిబ్రవరి 29, ఆదివారం. గుడికి నడిచి వెళ్తుంటే దారిలో కారు ఆపి ఎత్తుకెళ్ళారు. జైల్లో పేరు కూడా మార్చేశారు, ఎవరూ ఆచూకీ తియ్యకుండా. దాదాపు మూడేళ్ళు ఒంటరి కొట్టు. పిల్లలకు ఆసక్తిగా ఉండేవి ఇక్కడున్నాయి: రాత్రిళ్ళు మేలుకుని మనసులోనే ప్రసంగాలు తయారుచేసుకునేవారు, మర్చిపోకుండా వాటిని పద్యాలుగా కట్టుకునేవారు. పక్క కొట్టులో వాళ్ళతో గోడ మీద వేళ్ళతో కొట్టి మోర్స్ కోడ్‌లో మాట్లాడేవారు. రొట్టె ముద్దలతో చదరంగం పావులు చేసుకునేవారు. మొదటి విడత ఎనిమిదిన్నరేళ్ళు, 1956లో వదిలారు. 1959లో మళ్ళీ పట్టుకుని 25 ఏళ్ళ శిక్ష వేశారు. 1964లో అందరితో పాటు క్షమాభిక్ష. మొత్తం 14 ఏళ్ళు. చిత్రహింసల వివరాలు మీరు చెప్పనక్కర్లేదు. "చాలా కొట్టారు, క్షయ వచ్చింది, బతికి బయటపడ్డారు" అంటే చాలు. ఆ వీడియోలు తెర మీద వెయ్యొద్దు. పెద్దవాళ్ళైన మీకే నిద్ర పట్టలేదు కదా.

ఈ మిషన్ చరిత్ర రాసినవాళ్ళు చాలామంది 1967తో మొదలుపెడతారు. నా మటుకు అది అంతకు చాలా ముందే, వర్మ్‌బ్రాండ్ గారు జైల్లో ఉండగా, వాళ్ళ ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది. ఎలాగో చెప్తాను.

ఆయన్ని ఎత్తుకెళ్ళేటప్పటికి కొడుకు మిహాయ్‌కి తొమ్మిదేళ్ళు. 1950లో సబీనాను కూడా పట్టుకెళ్ళి డాన్యూబ్ - నల్లసముద్రం కాలువ తవ్వకంలో వెట్టిచాకిరికి పంపారు. చలికాలంలో ఆడవాళ్ళ చేత పారలతో మట్టి ఎత్తించేవారు. ఆకలికి గడ్డి తిన్న రోజులున్నాయని రాశారు. ఆ కాలువను 1953లో మధ్యలోనే వదిలేశారు. ఇక్కడ ఇంట్లో పదకొండేళ్ళ పిల్లవాడు మిగిలాడు. ఖైదీ కుటుంబానికి సాయం చెయ్యడం ఆ రోజుల్లో నేరం. రొట్టె ఇచ్చినా నేరమే. ఆ పిల్లవాడికి సాయం చేసినందుకు ఇద్దరు స్త్రీలను పట్టుకుని అవిటివాళ్ళయ్యేలా కొట్టారని, వాడిని తన ఇంట్లో పెట్టుకున్న ఇంకో స్త్రీకి ఎనిమిదేళ్ళ జైలు వేశారని వర్మ్‌బ్రాండ్ గారు రాశారు. ఆ ముగ్గురూ ఏ మిషన్‌లోనూ సభ్యులు కారు. జీతం లేదు, బోర్డు లేదు, లెటర్‌హెడ్ లేదు. ఎదురుగా ఆకలితో ఒక పిల్లవాడున్నాడు, అంతే. నన్నడిగితే ఆ మిషన్‌కు పునాది వేసింది వాళ్ళే.

మిహాయ్ ఒకసారి తల్లిని చూడ్డానికి ఆ కాలువ క్యాంపుకు వెళ్ళాడు. ఖైదీ బట్టల్లో, మట్టిలో, కాయలు కాసిన చేతులతో ఉన్న మనిషిని చూసి మొదట గుర్తుపట్టలేకపోయాడు. మాట్లాడుకోవడానికి ఇచ్చింది కాస్త సమయమే. నాలుగు మాటల్లో ఏం చెప్తుంది ఏ తల్లి అయినా? తిన్నావా, చదువుతున్నావా అని అడుగుతుంది. సబీనా మాత్రం, మిహాయ్, యేసును నమ్ముకో అంది. గార్డు ఆమెను లాక్కెళ్ళిపోయాడు. ఇది మీ పెద్ద పిల్లలకు చెప్పండి. చిన్నవాళ్ళకైతే అమ్మ 1953లో తిరిగి వచ్చేసిందని వెంటనే కలిపి చెప్పండి, లేకపోతే ఇంటికెళ్ళాక బెంగపెట్టుకుంటారు.

తిరిగొచ్చిన సబీనాకు ఇంకో పరీక్ష ఎదురైంది. భర్త చనిపోయాడు, సమాధి చేసినప్పుడు మేం అక్కడే ఉన్నాం అని మనుషులు వచ్చి చెప్పారు. పోలీసులు పంపినవాళ్ళే. ఖైదీల భార్యల్ని విడాకులకు ఒత్తిడి చేసేవారు. ఆమె నమ్మలేదు, విడాకులూ ఇవ్వలేదు.

1965 డిసెంబరులో రెండు క్రైస్తవ సంస్థలు, నార్వేలో యూదుల మధ్య పనిచేసే మిషన్, యూదు క్రైస్తవుల కూటమి, కలిసి రుమేనియా ప్రభుత్వానికి 10,000 డాలర్లు కట్టి ఈ కుటుంబాన్ని విడిపించాయి. అవును, మనుషుల్ని డబ్బుకు వదిలేవారు ఆ రోజుల్లో. దేశం విడిచే ముందు ఆయన ఒక సమాధి దగ్గరకు వెళ్ళి పువ్వు పెట్టారట. తనను అరెస్టు చెయ్యమని ఆదేశమిచ్చిన కర్నల్ సమాధి అది. 1966 మేలో అమెరికన్ సెనేట్ ఉపసంఘం ముందు చొక్కా విప్పి మచ్చలు చూపించారు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. 1967లో 100 డాలర్లు, ఒక పాత టైప్‌రైటర్, 500 చిరునామాలు పెట్టుకుని పత్రిక మొదలుపెట్టారు. అప్పుడు మిషన్ పేరు 'జీసస్ టు ద కమ్యూనిస్ట్ వరల్డ్', తర్వాతి కాలంలో 'వాయిస్ ఆఫ్ ద మార్టిర్స్' అయింది. బైబిళ్ళు పంపడం, రేడియో, వీటితో పాటు ఖైదీల, హతసాక్షుల కుటుంబాలను ఆదుకోవడం మొదటి నుంచీ దాని పనుల్లో ఉంది. 1980ల మధ్యకు 30 దేశాల్లో ఆఫీసులు ఏర్పడ్డాయి. 1990లో ఆ దంపతులు బుకారెస్టుకు తిరిగి వెళ్ళి, తాము తరిమివేయబడ్డ ఊళ్ళో ముద్రణాలయం, పుస్తకాల షాపు తెరిచారు. సబీనా 2000లో, ఆయన 2001లో కన్నుమూశారు.

ఆయన ప్రతి మాటకూ నేను తల ఊపను. కార్ల్ మార్క్స్ సైతానును కొలిచేవాడని ఆయన ఒక వాదన రాశారు, దానికి ఆధారాలు చాలవు. మీరు దాన్ని దగ్గరికి రానివ్వకండి. మీ వారు పట్టుకునేది సరిగ్గా దాన్నే. బాధపడింది ఆయన సంఘం ఒక్కటే అనుకునేలా కూడా చెప్పొద్దు. రుమేనియాలో గ్రీకు కాథలిక్ సంఘాన్ని 1948లో మొత్తంగా రద్దు చేశారు. వాళ్ళ బిషప్పుల్లో కొందరు జైళ్ళలోనే చనిపోయారు. వాళ్ళలో ఏడుగురిని 2019లో పోప్ ఫ్రాన్సిస్ ఆ దేశానికే వెళ్ళి ధన్యులుగా ప్రకటించారు. ఆర్థడాక్స్ ప్రీస్టులు కూడా వందల్లో జైలుకెళ్ళారు. మీ ఊళ్ళో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) చర్చి ఉంటే ఈ విషయం ఆ విశ్వాసులకు కూడా చెప్పండి, కలిసి ప్రార్థించడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది?

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఆమెను కోప్పడకండి. ఎవరో ఎక్కడో బాధపడుతున్నారంటే కన్నీళ్ళు పెట్టుకునే మనసు దొరకడం కష్టం. ఆ మనసుకు కాస్త దారి చూపాలి, అంతే. ఇంగ్లండులో మైకేల్ బోర్డో అని ఒక ఆంగ్లికన్ ప్రీస్టు ఉండేవారు. 1964లో మాస్కో వెళ్ళినప్పుడు, కూల్చేస్తున్న ఒక చర్చి దగ్గర ఇద్దరు స్త్రీలు తారసపడ్డారు. ఉక్రెయిన్‌లో తమ మఠం సన్యాసుల్ని ఎలా బాధపెడుతున్నారో రాసి మాస్కోకు తెచ్చిన స్త్రీలు. మా తరఫున మీరు మాట్లాడండి అని ఆయన్ని అడిగారు. ఆయన వెనక్కి వచ్చి కేకలు వెయ్యలేదు. 1969లో ఒక అధ్యయన కేంద్రం పెట్టి, సోవియట్ దేశాల నుంచి చేతిరాతల్లో, కార్బన్ కాపీల్లో రహస్యంగా వచ్చే అర్జీలను, ఉత్తరాలను సేకరించి, సరిచూసి, ఆ తర్వాతే ప్రచురించారు. అందుకే కెస్టన్ అనే ఆ సంస్థ మాటను పత్రికలూ ప్రభుత్వాలూ నమ్మేవి. ఒక్క అబద్ధపు వార్త బయటపడితే నిజంగా జైల్లో ఉన్న వంద మంది మాటకు విలువ పోతుందని వాళ్ళకు తెలుసు.

కాబట్టి మీ అత్తగారి ఫోన్ తీసుకుని పక్కన కూర్చోండి. వచ్చిన ఫోటోలో ఊరు పేరు, తేదీ ఉన్నాయా? పంపినవాళ్ళకు ఎవరు పంపారు? అదే ఫోటో గూగుల్‌లో వెతికితే ఏళ్ళ క్రితం వేరే దేశంలోది అని తేలుతోందా? ఆమెతో కలిసి ఒక్కసారి చూస్తే తర్వాత ఆమే చూసుకుంటుంది. నిజమైన సంఘటనే అయినా బాధితుల ముఖాలు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు ఫార్వర్డ్ చెయ్యొద్దు. అక్కడ వాళ్ళ ప్రాణం మీదికి రావచ్చు. బాధితుల పేర్లు మార్చి రాసే అలవాటు ఈ మిషన్లకు ఊరికే రాలేదు.

డబ్బు పంపొచ్చు, తప్పు లేదు. కానీ ఒక వ్యక్తి ఫోన్ నంబరుకు ఎప్పుడూ వద్దు, ఆ వ్యక్తి ఎంత పెద్ద దైవజనుడైనా సరే. రిజిస్టరైన సంస్థ అయి ఉండాలి, బ్యాంకు ఖాతా సంస్థ పేరు మీద ఉండాలి, రసీదు ఇవ్వాలి, ఆడిట్ అయిన లెక్కలు అడిగితే చూపించాలి. అడగడానికి మొహమాటపడొద్దు. యెరూషలేము సంఘానికి పోగుచేసిన కానుక తీసుకెళ్ళేటప్పుడు పౌలు గారంతటివారే, ఎవరూ తప్పు మోపకుండా, సంఘాలు ఏర్పరచిన సోదరులను వెంట పెట్టుకుని వెళ్ళారు. 2 కొరింథీ 8వ అధ్యాయం తీసి అత్తగారికి మీరే చదివి వినిపించండి. "మేం అత్యవసరంలో ఉన్నాం, ఈ రాత్రికే పంపాలి" అని తొందరపెట్టేవాళ్ళకు మాత్రం ఆ రాత్రి పంపకండి. మర్నాడు పాస్టర్ గారితో మాట్లాడి చూడండి.

దూరదేశాలకు పంపడంతో ఈ పని అయిపోదు. మీ జిల్లా జైల్లో ఉన్నవాళ్ళలో కొందరి భార్యాబిడ్డలు మీ మండలంలోనే ఉండి ఉంటారు. భర్త ఏ కేసులో వెళ్ళాడు, ఏ మతం, తప్పు చేశాడా లేదా అన్నది కోర్టు చూసుకుంటుంది. స్కూలు ఫీజు కట్టలేక, బంధువులు మొహం చాటేసి, ములాఖత్‌కు వెళ్ళడానికి బస్సు ఛార్జీలు లేక ఆ ఇల్లు ఎలా ఉంటుందో సబీనాకు తెలుసు. బంధకాల్లో ఉన్నవాళ్ళను, మీరే వాళ్ళతో కలిసి బంధించబడినట్టు జ్ఞాపకం చేసుకోమని హెబ్రీ 13:3 చెప్తుంది, వర్మ్‌బ్రాండ్ గారి మిషన్ ముందు పెట్టుకున్నదీ ఆ వచనాన్నే. మీ స్త్రీల సమాజం అలాంటి ఒక్క ఇంటిని ఏడాది పాటు చూసుకోగలిగితే, మీరు ఆ ఆదివారం నాడు మాట్లాడేది మీ వారు కూడా వచ్చి వింటారని నా ఆశ. కూలీల పక్కన నిలబడ్డ తాతగారి మనవడు ఆయన. ఆ ఇల్లు ఎవరిదో వెతకడంలో ఆయన సాయమే అడగండి. ఊళ్ళో ఎవరి కష్టం ఏమిటో పార్టీ పని చేసినవాళ్ళకు బాగా తెలుస్తుంది.